చార్ట్ చదవబోయే మనవరాలికి

లెస్టర్, ఇంగ్లండ్,
ఆదివారం

చి. బుజ్జికి చిన్నతాత ఆశీస్సులతో వ్రాయునది.

నిన్న రాత్రి మీ అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసింది. ముందు మీ నాన్న మోకాలి నొప్పి, తర్వాత పక్కింటివాళ్ల కుక్క గొడవ. అన్నీ అయ్యాక పెట్టేయబోతూ, "అన్నట్టు బాబాయ్, బుజ్జి అక్కడ యూనివర్సిటీ రేడియోలో శుక్రవారం శుక్రవారం ఇంగ్లిష్ పాటల ర్యాంకులు చదువుతుందట. దాని చదువు ఏమైపోతుందో, నువ్వు కాస్త గట్టిగా చెప్పు" అంది. సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను. మన ఇంట్లో ఎవరికీ అంటని ఈ పిచ్చి నాతోనే పోతుందనుకున్నాను. నీకు అంటింది. ఆ సంతోషం గంటసేపే. పడుకున్నాక ఒక పాత సంగతి గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. రెండింటికి లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. వాట్సాప్‌లో పెడితే నువ్వు ఒక బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకుంటావు, అందుకే కాగితం మీద రాస్తున్నాను.

చదువు ముందు, రేడియో తర్వాత. మీ అమ్మకిచ్చిన మాట తీరింది.

మామూలు సంగతులు నీకు తెలిసే ఉంటాయి. అరగంట ముందు వెళ్లు. నీళ్ల సీసా దగ్గర పెట్టుకో. గాయకుల పేర్లు ఎలా పలకాలో ముందే విని తెలుగులో రాసుకో, నీ పేరుని అక్కడివాళ్లు ఎలా ఖూనీ చేస్తారో నీకు తెలుసు కదా. చార్ట్‌లోని నలభై పాటలూ చదవకు, నిద్రపోతారు. కొత్తగా వచ్చినవి, బాగా ఎగబాకినవి, తలకిందులైనవి, చివర్లో మొదటి పది. చాలు.

ఇక నా సంగతి. మీ తాతయ్యకీ నాకూ చిన్నప్పుడు బుధవారం రాత్రి ఎనిమిది అంటే పండగ. రేడియో సిలోన్‌లో బినాకా గీత్‌మాలా. హిందీ సగం కూడా అర్థమయ్యేది కాదు. అయినా అమీన్ సయానీ గొంతు వస్తే అన్నం కంచం ముందు చెయ్యి ఆగిపోయేది. ఒక్కో ర్యాంకునీ ఆయన 'పాయ్‌దాన్' అనేవాడు, అంటే మెట్టు. ఏ పాట ఏ మెట్టు మీదుందో నేను లెక్కల నోట్‌బుక్కు వెనక పేజీల్లో రాసేవాణ్ణి, మీ తాతయ్య సరిచూసేవాడు. పోయిన వారం కంటే పైకెళితే పక్కన బాణం, దిగితే కింది బాణం. ఆ నోట్‌బుక్కు దొరికినప్పుడు మా నాన్న నన్ను కొట్టింది లెక్కలు తప్పినందుకు కాదు, కాగితాలు దండగ చేసినందుకు.

1975లో పెద్దమ్మ కొడుకు ఇక్కడ డాక్టరుగా ఉన్నాడని చదువుకి వచ్చాను. వచ్చి చూస్తే ఇక్కడా అదే బాణాల లోకం! తర్వాత తెలిసింది, రెండూ ఒక ఈడువే. ఇక్కడి మొదటి చార్ట్, అంటే వారం వారం పాటల అమ్మకాల ర్యాంకుల పట్టిక, 1952 నవంబర్ 14న ఎన్.ఎం.ఇ. అనే సంగీత పత్రికలో అచ్చయింది. పెర్సీ డికిన్స్ అనే ఆయన ఇరవై దాకా రికార్డు షాపులకి ఫోన్ చేసి, ఏవి బాగా అమ్ముడుపోయాయో అడిగి, మొదటి పన్నెండూ వేశాడు. గీత్‌మాలా మొదలైంది అదే ఏడు డిసెంబర్ 3న. ర్యాంకుల వరస దానికి తర్వాత వచ్చిందనుకో. మూడు వారాల తేడాలో పుట్టిన ఈ రెంటికీ మధ్యే నా బాల్యమూ యవ్వనమూ గడిచాయి. ఏదైనా ఒక శుక్రవారం పాటలు తక్కువై టైం మిగిలితే ఈ ముక్క చెప్పు, నీ తోటివాళ్లకి ఇది తెలియదు.

ఇప్పుడు అసలు విషయం. చార్ట్ లెక్కలో వారం అంటే శుక్రవారం నుంచి గురువారం దాకా. 2015 జూలైలో చార్ట్ ఆదివారం నుంచి శుక్రవారానికి మారింది. కొత్త పాటలు కూడా శుక్రవారమే విడుదలవుతాయి కాబట్టి వాటికి ఏడు రోజులూ నిండుగా దొరుకుతాయి. మా రోజుల్లో పాట 52లో అడుగుపెట్టి, 31కి, 14కి, అలా మెట్టు మెట్టుగా ఎక్కేది. ఇప్పుడు మొదటివారమే పైన అడుగుపెట్టి, రెండోవారం జారిపోయేవి ఎన్నో. 'జారిపోయింది, పాపం, ఎవరికీ నచ్చలేదు' అని మాత్రం అనకు. అభిమానులంతా మొదటివారమే ఎగబడతారు, అంతే.

మరీ ముఖ్యంగా పాత పాట ఒక్కసారిగా సగానికి సగం కిందపడితే నోరు జారకు. 2014 నుంచి స్ట్రీమింగ్, అంటే పాట కొనకుండా నెట్‌లో వినడం, కూడా లెక్కలోకి వస్తోంది. ఇప్పుడైతే డబ్బు కట్టి వినేవాళ్లవి వంద వినికిళ్లు ఒక అమ్మకంతో సమానం, ఉచితంగా వినేవాళ్లవి ఆరువందలు. పాట చార్ట్‌లోకి వచ్చి దాదాపు పది వారాలై, మూడు వారాలు వరసగా వినికిడి తగ్గుతూ వచ్చిందా, ఆ వంద రెండువందలవుతుంది, ఆరువందలు పన్నెండువందలవుతాయి. జనం అదే జనం, తూకపురాయి మారిపోయింది. ఇది తెలియని రేడియో పిల్లలు 'ఘోర పతనం' అని అరుస్తుంటే వంటింట్లో నాకు ఒళ్లు మండుతుంది, మీ చిన్నమ్మమ్మ వచ్చి సౌండ్ తగ్గిస్తుంది.

అలాగే, ఒకే గాయకుడివి సరిగ్గా మూడు పాటలే చార్ట్‌లోకి వస్తే, ఆల్బంలో మిగతావి బాగోలేవని కాదు. 2017 మార్చిలో ఎడ్ షీరన్ ఆల్బం వచ్చినవారం టాప్ 20లో పదహారు అతనివే ఉన్నాయి. చార్టా, అతని ఇంటి గోడా అని అందరూ విసుక్కున్నారు. ఆ ఏడు జూలై నుంచి ప్రధాన గాయకుడిగా మూడే పాటలన్న నిబంధన పెట్టారు.

ఇంకొకటి. పాత పాట తిరిగొస్తే అది కొత్త ఎంట్రీ కాదు, రీ-ఎంట్రీ. కేట్ బుష్ పాట 'రన్నింగ్ అప్ దట్ హిల్' 1985లో మూడో స్థానం దాకా వెళ్లి ఆగింది. 2022లో ఒక టీవీ సీరియల్లో వినిపించాక ఎనిమిదికి, రెండుకి, ఒకటికి వచ్చింది. ఆ తూకపురాయి నిబంధన నుంచి దానికి మినహాయింపు ఇచ్చాకే ఆ ఒకటి దక్కింది. ముప్ఫై ఏడేళ్లు! ఆ శుక్రవారం నేను వంటింట్లోనే నిలబడి చప్పట్లు కొట్టాను.

ఇంతవరకూ ఏ చార్ట్ పిచ్చోడైనా చెప్తాడు. నిద్ర పట్టనివ్వని సంగతి ఇది. మీ అమ్మకి కూడా తెలియదు.

1979. నేను శనివారాలూ, కాలేజీ లేని సాయంత్రాలూ ఇక్కడ ఒక రికార్డు షాపులో పనిచేసేవాణ్ణి. యజమాని ముసలాయన, ఎప్పుడూ ఒకటే గోధుమరంగు ఉన్ని కోటు, మోచేతుల దగ్గర తోలు అతుకులు. నా పేరు సరిగ్గా పలకడానికి వారం రోజులు నాతో పలికించుకున్న మనిషి. మాది చార్ట్ షాపు. దేశం మొత్తంలో ఎంపిక చేసిన కొన్ని వందల షాపుల అమ్మకాలనే లెక్కేసి చార్ట్ తయారుచేసేవాళ్లు, అందులో మాదొకటి. కౌంటర్ మీద ఒక డైరీ ఉండేది. రికార్డు అమ్మిన ప్రతిసారీ దాని నంబరు అందులో చేత్తో రాయాలి. వారాంతానికి అది సర్వే వాళ్లకి వెళ్లేది. చార్ట్ మంగళవారం మధ్యాహ్నం రేడియోలో. టాప్ 75 అచ్చు కాగితం వస్తే గోడకి అంటించేవాళ్లం.

ఒక రికార్డు కంపెనీ మనిషి వచ్చేవాడు. నవ్వుమొహం. నన్ను 'సర్' అనేవాడు. ఈ దేశం వచ్చాక నన్ను సర్ అన్న మొదటివాడు అతనే బుజ్జీ, అందులోనే పడిపోయాను. ఆ నవంబర్‌లో నల్ల శాటిన్ జాకెట్ ఒకటి తెచ్చాడు. లోపల మెత్తటి అస్తరు, వీపు మీద వెండిదారంతో ఒక బ్యాండ్ పేరు. నాకు అప్పటికి చలికి ఉన్నది అన్నయ్య పాత స్వెట్టరే. 'నీ సైజే' అన్నాడు. ఇంకేమీ అడగలేదు. పోతూ పోతూ ఒక రికార్డు నంబరు చీటీ మీద రాసి డైరీ పక్కన పెట్టాడు.

రాశాను. మొదటిరోజు రెండుసార్లు, నిజం అమ్మకాల మధ్య ఇరికించి. చెయ్యి వణికింది. శనివారానికి వణకలేదు, అదే నాకు ఇప్పటికీ భయం. ఒకసారి నీలం ఇంకు, ఒకసారి నలుపు, ఒకసారి పెన్సిల్. అంత తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలీదు. వారంలో పంతొమ్మిదిసార్లు.

ఆ మంగళవారం తర్వాత గోడ మీద కాగితంలో ఆ పాట 71. కొత్త ఎంట్రీ. నాలాంటి వాళ్లు ఇంకెంతమంది రాశారో.

అదే వారం ఊరి కుర్రాళ్లు నలుగురు, అల్లిక మిల్లులో పనిచేసేవాళ్లు, సొంత డబ్బులతో రికార్డు వేయించుకుని మా షాపులో పెట్టారు. వాళ్లది నిజంగా అమ్ముడైంది. చుట్టాలూ స్నేహితులూ కొన్నారనుకో, అయినా నిజమే. వాళ్లు షాపుకొచ్చి ఆ కాగితం ముందు నిలబడ్డారు. ఒకడు వేలు పెట్టి ఒకటి నుంచి కిందికి చదువుతూ వచ్చాడు. ఆ వేలు 71 మీదుగా వెళ్లింది. 75 దగ్గర ఆగి, కాగితం కింద ఖాళీ గోడ మీద కూడా కాస్త దూరం వెళ్లింది. నేను కౌంటర్ వెనక జాకెట్ వేసుకుని నిలబడి ఉన్నాను. వాళ్ల పాట ఎలాగూ చార్ట్‌లోకి వచ్చేది కాదేమో. ఆ 'ఏమో' నలభై ఏళ్లకి పైగా నాతోనే ఉంది.

నెల తర్వాత సర్వే తరఫున ఒకాయన వచ్చాడు. ఆ రికార్డు ఎన్ని తెప్పించారని ముసలాయన్ని అడిగాడు. ఐదు. వాటిలో మూడు ఇంకా బల్ల కింద ఉన్నాయి. డైరీలో పంతొమ్మిది. ముసలాయన డైరీ చూశాడు, నన్ను చూశాడు, నా ఒంటి మీద జాకెట్ చూశాడు. 'రాయడం నా పని, తప్పు నాదే' అని వచ్చినాయనకి చెప్పాడు. ఆయన వెళ్లాక టీ పెట్టి నా కప్పు నా ముందుంచి, జాకెట్ చెయ్యి రెండు వేళ్లతో పట్టుకుని 'వెచ్చగా ఉంటుందా?' అని అడిగాడు. అంతే. మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. సర్వే వాళ్లు షాపు నుంచి డైరీ తీసేసుకున్నారు. డైరీ లేని షాపుకి కంపెనీ మనుషులెవరూ రారు, ఆ నవ్వుమొహం కూడా మరి రాలేదు. 1983లో గాలప్ అనే సర్వే సంస్థ వచ్చి షాపుల్లో యంత్రాలు పెట్టిందని విన్నప్పుడు, అమ్మయ్య, ఇంక చేత్తో రాయక్కర్లేదు అనుకున్నాను.

నువ్వు చదివేదానివే కదా, రాసేదానివి కాదు కదా, నీకెందుకు ఇదంతా అంటావు. నాలుగు వారాలు బాగా చదివితే నీకూ ఎవరో ఒకరు మెయిల్ పెడతారు. కచేరీకి రెండు టికెట్లు, ఒక టీషర్టు. 'మా పాట 38లోకి వచ్చింది, నాలుగు మంచి మాటలు చెప్పండి' అంటారు. ఏమీ అడగకుండా ఇచ్చినా తీసుకోకు. డబ్బిస్తామంటే అసలే వద్దు. నీది స్టూడెంట్ వీసా, వారానికి ఇరవై గంటల ఉద్యోగం వేరు, సొంతంగా బేరాలు కుదుర్చుకుని సంపాదించడం వేరు, రెండోదానికి అనుమతి లేదు. తెలుగులో రీల్స్ కూడా చేస్తావట, మీ అమ్మ అది కూడా చెప్పింది. చెయ్యి, బావుంటుంది. ఎవరి డబ్బూ లేకుండా చెయ్యి. కోప్పడుతున్నాననుకోకు తల్లీ, నాకు భయం, అంతే.

నీ మొదటి షో ఈ నవంబర్‌లోనే కాబట్టి ఇది కూడా. మూడు నాలుగు వారాల్లో క్రిస్మస్ పాటలు వరదలా వచ్చి పడతాయి, మంచి పాటలన్నీ మునిగిపోతాయి. కంగారుపడకు. వ్యామ్ వాళ్ల 'లాస్ట్ క్రిస్మస్' 1984లో రెండో స్థానంలో ఆగిపోయి, 2021 జనవరి 1 చార్ట్‌లో మొదటిసారి నెంబర్ వన్ అయింది. మరుసటి వారం టాప్ 100లోనే లేదు. జనవరిలో అవి ఖాళీ చేసిన శుక్రవారం నీకు చేతినిండా రీ-ఎంట్రీలే, ఆ వారం ఒక గంట ముందే వెళ్లి కూర్చో.

గోంగూర పచ్చడి సీసా, ఉన్ని సాక్సులు రెండు జతలు పార్సిల్ చేశాను. సీసా మూతకి టేపు వేశాను, జాగ్రత్తగా విప్పు. ఆ జాకెట్ ఏమైందని అడుగుతావేమో, మీ చిన్నమ్మమ్మ ఎప్పుడో చారిటీ షాపులో ఇచ్చేసింది, నాకు చెప్పకుండా.

మీ స్టేషన్ ఇంటర్నెట్‌లో కూడా వస్తుందట కదా, ఆ లింక్ ఒకటి పంపు. కొత్త నోట్‌బుక్కు కొన్నాను, గళ్లది. శుక్రవారం నువ్వు చదువుతుంటే నేను బాణాలు వేసుకుంటాను. ఎక్కడైనా తప్పితే షో అయ్యాకే ఫోన్ చేస్తాను, మధ్యలో చెయ్యను.

ఇట్లు,
నీ చిన్నతాత