తాతగారి కెమెరాకి బూజు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. అటక మీద తాతగారి 8 ఎం.ఎం. సినిమా కెమెరా దొరికింది, కీ తిప్పితే నడిచే రకం. లెన్స్‌లో సాలెగూడులా తెల్లగా ఉంది, లోపల ఫిల్మ్ కూడా ఉందేమో. పాత కెమెరాలు పోగెయ్యడం దీంతోనే మొదలుపెడదామని, ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు మూత తియ్యకండి, ఫిల్మ్ ఉంటే వెలుతురు తగిలి పాడైపోద్ది, పూర్తి చీకట్లోనే తియ్యాలి. కీ రకం అంటే చాలావరకు 1932లో కొడాక్ తెచ్చిన పద్ధతే, 16 ఎం.ఎం. వెడల్పు రీలు ఒక పక్క తీశాక తిప్పిపెట్టి రెండో పక్క తీసేవాళ్ళు, ల్యాబ్‌లో కడిగి మధ్యకి చీల్చి అతికేవాళ్ళు, అంతా కలిపి నాలుగు నిమిషాల సినిమా, ఎంత ముచ్చటో! 1965లో వచ్చిన సూపర్ 8 కార్ట్రిడ్జ్ (డబ్బాలో బిగించి వచ్చే వేరే రకం 8 ఎం.ఎం. ఫిల్మ్) దీన్లో పట్టదు, కొనేయకండి.

ఆ తెల్లది సాలెగూడు కాదు, ఫంగస్ బూజేనండి. మన కోనసీమ తేమకి లెన్సులకి పట్టే పెద్ద జబ్బు అదే. మీరు గుడ్డతో రుద్దొద్దు, లెన్స్ విప్పడం తెలిసిన మెకానిక్‌కే ఇవ్వండి, ఆలస్యం చేస్తే బూజు లెన్స్ మీదుండే సన్నటి పూతని (కోటింగ్‌ని) తినేస్తుంది, ఇక తిరిగి రాదు. తోలు కేసులో అస్సలు పెట్టొద్దు, అది తేమ పీల్చుకుంటుంది. గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలేసి ఉంచండి, వానాకాలంలో పొట్లాలు మారుస్తుండాలి. కీ తిప్పి స్ప్రింగ్ బిగించి దాచొద్దు, పూర్తిగా వదిలేశాకే పెట్టండి.