పైపులో గుడగుడ, అడుగున తడి: లోపం ఎక్కడుంది?

మీ తాతగారి పొగ తాగే బ్రయర్ కొయ్య పైపు, పొగాకు సగం కాలేసరికి గుడగుడలాడుతోందని, అడుగున తడి పొగాకు మిగిలిపోతోందని రాశారు. పొగాకు మార్చమని ఎవరో చెప్పారట. తడి పొగాకైతే గంటసేపు ఆరబెట్టి చూడండి. అయినా మారకపోతే లోపం పైపులో ఉండవచ్చు.

నోటి గొట్టాన్ని పైపు పూర్తిగా చల్లారాకే, మెల్లగా తిప్పుతూ ఊడదీయండి. వేడి మీద లాగి నేనొక మంచి పైపు కాడ (పొగాకు నింపే గిన్నెకూ నోటి గొట్టానికీ మధ్య భాగం) పగలగొట్టుకున్నాను. గొట్టం కొన కాడలోని గుంత అడుగుదాకా వెళుతోందా, మధ్యలో ఖాళీ మిగిలిందా? అసలు దొంగ సాధారణంగా అక్కడే ఉంటుంది. సన్నని దారిలో వచ్చిన పొగ ఆ ఖాళీలో సుడి తిరిగి, చల్లబడి, నీరై నిలుస్తుంది. ఆ ఖాళీకి సరిపడా మందంతో, మధ్యలో రంధ్రమున్న చిన్న కొయ్య బిళ్ళ చేసి దించితే చాలు.

తర్వాత పొగదారి. అది 3 మిల్లీమీటర్లే ఉంటే 4 దాకా వెడల్పు చేయవచ్చు. డ్రిల్ ముల్లును చేత్తోనే తిప్పండి. మిషను పెడితే గిన్నె గోడకు చిల్లు పడవచ్చు. ముందు లోపలి మడ్డిని స్పిరిట్‌లో తడిపిన, నూలు చుట్టిన సన్నని తీగతో తీసేయండి. ఒక్కోసారి అంతటితోనే రోగం కుదురుతుంది.

పొగదారి గిన్నెలోకి తెరుచుకునే రంధ్రం గిన్నె అడుగుకన్నా పైన ఉంటే, చుట్ట బూడిదను నీళ్లతో ముద్దచేసి అడుగున మెత్తండి. బాగా గట్టిపడేదాకా వెలిగించకండి.