బుజ్జికి పెదనాన్న రాయునది

చి. బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

ఇనుప సామానును కరిగిన జింకులో ముంచి పూత వేసే గాల్వనైజింగ్ షెడ్డు పెడుతున్నావని మీ నాన్న చెప్పాడు. మన ఇంట్లో ఈ పని నాతోనే ఆఖరు అనుకున్నాను. గర్వంగానే ఉంది. భయమూ ఉంది, దాచడమెందుకు?

ముందు, అల్యూమినియం కలిసిన పూత వేయొచ్చా అని నువ్వడిగినదానికి జవాబు. 55 శాతం అల్యూమినియం, మిగతా జింకు, కాస్త సిలికాన్ ఉండే పూత పైకప్పు రేకులకు దివ్యంగా ఉంటుంది, కానీ అది రేకు చుట్టను విప్పి ఆపకుండా నడిపిస్తూ పూత వేసే కాయిల్ లైన్లలో జరిగే పని. నువ్వు ముంచేది గేట్లు, స్తంభాలు. వాటికి జింకు చాలు. పైన అంటేది ఉత్త జింకనుకోకు. ఇనుముతో కలిసి పొరలు పొరలుగా మిశ్రలోహం అవుతుంది, లోపలి పొరలు మామూలు ఉక్కు కంటే గట్టివి. గీత పడ్డా, చుట్టూ ఉన్న జింకు తాను అరిగిపోతూ ఇనుమును కాస్తుంది. ఉక్కులో సిలికాన్ ఎంతుందో మాత్రం ఉక్కుతో వచ్చే సర్టిఫికెట్‌లో చూడు. 0.04 శాతం దాటి 0.15 శాతం లోపుంటే పూత మందంగా, పెళుసుగా వస్తుంది.

ముంచేముందు నూనె వదిలించడం, తుప్పు తీసే యాసిడ్, కడుగుడు, జింకు బాగా అంటడానికి పట్టించే ఫ్లక్స్: ఏదీ తొందరగా కానీయకు. జింకులోంచి తీసిన జాబులు, అంటే పూతకొచ్చిన సామాన్లు, తడిమీద పేర్చకు, తెల్ల తుప్పు పడుతుంది.

ఇక అసలు సంగతి. నేను పనిచేసిన ఒక చోట రెయిలింగ్ ఒకటి వచ్చింది. రెండు వైపులా మూతలు వెల్డింగ్ చేసిన పైపులు. లోపలి గాలి, ఆవిరి బయటికి పోయేందుకు రంధ్రాలు వేశారా అని అడిగితే వేశామన్నారు. నిలువు పైపులకు వేశారు, నిజమే. అడ్డ పైపుకు మాత్రం లోపల వేసి వెల్డింగ్ చేశామన్నారు. లోపలిది ఎవరికి కనపడుతుంది? యాసిడ్ తొట్టిలో వెల్డింగ్ సందులోంచి కాస్త నీరు దూరింది. 450 డిగ్రీల జింకులో దించారు. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా ఉబ్బుతుంది తల్లీ. పైపు పేలి జింకు షెడ్డు కప్పుదాకా లేచింది. హెల్పరు కుర్రాడి ముంజేతి చర్మం చొక్కాతో పాటు ఊడొచ్చింది. క్రేన్ గొలుసుకు గడ్డకట్టిన జింకు పూసలు మర్నాటికీ అలాగే వేలాడుతున్నాయి.

కాబట్టి నీ దగ్గర రంధ్రం బయటికి కనపడాలి. జాబును వేలాడదీసినప్పుడు అన్నిటికన్నా పైనొకటి, కిందొకటి. కనపడకపోతే వెనక్కి పంపు. పార్టీ పోతుందా, పోనీ! చిన్నప్పటినుంచీ నీకు తొందరెక్కువ, పరీక్ష పేపరు కూడా చదవకుండా రాసేదానివి. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ముఖానికి షీల్డు లేకుండా జింకు తొట్టి దగ్గర నిలబడ్డావని తెలిసిందో, ఊరుకోను.

మొదటి జాబు దించే రోజు ముందే కబురు పెట్టు. వచ్చి రంధ్రాలు నేను చూస్తాను. ఈ వయసులో ఎందుకని మీ పెద్దమ్మ అడ్డం పడుతుంది. ఆవిడకు నువ్వే నచ్చజెప్పాలి.

మీ పెదనాన్న