పలుపు విప్పి రండి

పశువుల డాక్టరు జవాబులు

ఈసారి చోటంతా వరద ఉత్తరాలకే. చూడి నిలవని గేదెల గురించి, పాలు తగ్గిన ఆవుల గురించి రాసినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

*

ప్రశ్న: 2025 అక్టోబరు 28న మొంథా తుఫాను వస్తోందని మమ్మల్ని బడికి వచ్చేయమన్నారు. మా అత్తయ్య గారు రెండు గేదెల్ని వదిలి రానన్నారు. ఆవిడ కోసం మా ఆయన కూడా ఇంట్లోనే ఉండిపోయారు. రాత్రంతా నేను పిల్లలతో బడిలో, ఒకటే టెన్షన్. ఎవరికీ ఏమీ కాలేదు. మళ్లీ తుఫాను వస్తే ఆవిడని ఎలా ఒప్పించాలి?
— ఒక పాఠకురాలు, నరసాపురం దగ్గర

జవాబు: అమ్మా, మీ అత్తగారిది మొండితనం అనుకోకండి. మనుషుల్ని బడికి రమ్మన్నవాళ్లు గేదెలు ఎక్కడికి పోవాలో చెప్పలేదు. ఆవిడ అడగాల్సిన ప్రశ్నే అడిగారు. గేదెలకి చోటు చూపించండి, ఆవిడే ముందు బయల్దేరతారు.

ఆ చోటు తుఫాను రోజున వెతికేది కాదు. వేసవిలోనే ఊళ్లో నలుగురూ కూర్చుని చూసుకోవాలి. కాలవ గట్టా, రోడ్డు కట్టా, పాత చెరువు మెరకా? ఏ వీధి పశువులు ఎటు తోలాలి, ఎవరు తోలాలి? ఎండుగడ్డి వామి పల్లంలో ఉంటే నాలుగు మోపులు ముందే మెరకకి చేర్చాలి. చూడి గేదెల్నీ దూడల్నీ ముందు తోలాలి, ఎందుకంటే ఆఖరి నిమిషంలో అవి పరిగెత్తలేవు.

అదేదీ కుదరకపోతే చెయ్యాల్సింది ఒక్కటే. పలుపు విప్పి రండి. గేదె మనకంటే బాగా ఈదుతుంది. వరదల్లో నేను చూసిన పశువుల కళేబరాల్లో చాలావాటి మెడకి తాడు ఉంది, ఆ తాడు రెండో కొస గుంజకి ఉంది.

ఇది పుస్తకంలో చదివి చెప్పట్లేదు. 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన రోజున నేను పదో తరగతి. మా ఊరు అవనిగడ్డకి ఇవతల, సముద్రానికి కాస్త దూరం. చీకటి పడ్డాక నీళ్లు పాకలోకి వచ్చాయి. మా నాన్న గేదెలు రెండింటినీ విప్పుతూ నన్ను ఎద్దుల పలుపులు విప్పమన్నాడు. జనప తాడు తడిస్తే ఉబ్బుతుంది. ఎద్దు బెదిరి వెనక్కి లాగుతుంటే ముడి ఇంకా బిగుసుకుంటుంది. నీళ్లు మోకాళ్ల నుంచి నడుముకి వచ్చేదాకా ఆ ముడితో పెనుగులాడాను. చేతిలో చాకు లేదు. నాన్న వచ్చి నా రెక్క పట్టుకుని పక్కవాళ్ల డాబా మీదకి లాక్కెళ్లాడు. తెల్లారి చూస్తే ఒక ఎద్దు గుంజ పీక్కుని బయటపడింది. రెండోది కట్టిన చోటే ఉంది. విప్పిన గేదెల్లో ఒకటి నాలుగో రోజున దానంతటదే నడిచి వచ్చింది. ఇంకొకటి రాలేదు.

ఆ తరవాత మా నాన్న పాక చూరులో ఒక కొడవలి దోపి ఉంచాడు. దాంతో ఎవరినీ గడ్డి కోయనిచ్చేవాడు కాదు. మీరూ ఒకటి పెట్టుకోండి. వానాకాలంలో పశువుని ఒక్క గుంజుకి ఊడే జారుముడితోనే కట్టండి. ఈ మధ్య చాలామంది ఇనుప గొలుసులు వాడుతున్నారు. కొడవలికి గొలుసు తెగదు. తుఫాను నెలల్లోనైనా వాటి బదులు తాళ్లు వాడండి. విప్పి వదిలేటప్పుడు వేలాడే తాడు ముక్క కూడా తీసెయ్యండి, లేదంటే ఏ కంచెకో చుట్టుకుంటుంది. దొడ్డి తలుపు బార్లా తీసి రండి. కొమ్ముల మీద పెయింటుతో మీ ఫోను నంబరు రాస్తే, దొరికినవాళ్లు మీకు కబురు చెయ్యగలుగుతారు. అత్తయ్య గారికి ఇదంతా ముందే చూపించండి. ముడి ఎలా వెయ్యాలో ఆవిడే మీకు నేర్పుతారేమో.

*

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వరదప్పుడు మా వీధి కుర్రాళ్లం పదిమందిమి సింగ్ నగర్‌లో పడవ మీద అన్నం పొట్లాలు పంచాం. ఒక డాబా మెట్ల మీద ఇరుక్కున్న మూడు గేదెలు ఆకలితో అరుస్తుంటే, మిగిలిన పులిహోర, పెరుగన్నం, బ్రెడ్డు మొత్తం వాటికి పెట్టేశాం. మర్నాడు వెళ్లేసరికి ఒకటి చచ్చిపోయి ఉంది. మా వల్లే పోయిందా? ఇప్పటికీ మనసులో ఉండిపోయింది.
— ఒక డిగ్రీ విద్యార్థి, విజయవాడ

జవాబు: బాబూ, నిజం చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నాను. అయి ఉండొచ్చు. కోసి చూడకుండా ఎవరూ ఖాయంగా చెప్పలేరు. రెండు రోజులు నీళ్లలో నిలబడి, చలికి, భయానికి పోయిన పశువులు కూడా ఆ వారంలో ఉన్నాయి. కానీ అన్నం పెట్టడం తప్పే. అది నీ ఒక్కడి తప్పు కాదు, ఆ రోజుల్లో బెజవాడలో సగం మంది చేశారు.

కారణం ఇదీ. గేదె పెద్దపొట్టలో గడ్డిని అరిగించే సూక్ష్మజీవులుంటాయి. అవి రోజూ వచ్చే మేతకి అలవాటుపడి ఉంటాయి. రెండు రోజులు పస్తున్న పశువుకి ఒక్కసారిగా బకెట్టెడు అన్నం పెడితే, అది గడ్డిలా నెమ్మదిగా అరగదు. త్వరగా పులిసి ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం రక్తంలోకి ఎక్కుతుంది. పశువు నెమరు మానేస్తుంది, పొట్ట బిగుస్తుంది, పల్చగా పారుకుంటుంది, తూలుతుంది, పడిపోతుంది. పెళ్లిళ్ల సీజన్లో విస్తరాకుల కుప్ప మీద పడి మేసిన ఆవులు చచ్చిపోయేది కూడా ఇందుకే. మన దగ్గర ప్రేమకి గుర్తు అన్నం. గేదెకి గుర్తు ఎండుగడ్డి.

అప్పుడు నేను రిటైరై రెండు నెలలు. సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గర పడవలు ఆగేవి. అన్నం పొట్లాలు, నీళ్ల సీసాలు, బిస్కెట్లు అన్నీ అక్కడికే వచ్చేవి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిందని అందరి కళ్లూ కృష్ణ మీదే ఉన్నాయి. ఇళ్లు ముంచింది మాత్రం బుడమేరు. ఒక పడవలో ఇద్దరు కుర్రాళ్లు నన్ను ఎక్కించుకున్నారు. రోజంతా మందు ఇచ్చింది తక్కువ, "అది పెట్టకండి" అని అరిచింది ఎక్కువ. అప్పటికే అన్నం మేసేసిన గేదెలకి నూరు నుంచి నూట యాభై గ్రాముల తినే సోడా లీటరు నీళ్లలో కలిపి తాగించాం. ఇలా తాగించేటప్పుడు తల మరీ పైకెత్తకూడదు. ఎత్తితే ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, రోగం కంటే వైద్యమే ముందు చంపుతుంది.

నన్ను కదిలించింది ఇంకో సంగతి. పాయకాపురంలో ఒక పెద్దావిడ మా పడవని ఆపి, "గడ్డి తరవాత, ముందు పాలు తియ్యండయ్యా" అంది. డాక్టర్ని నేను, గుర్తుచేసింది ఆవిడ. మూడు రోజులుగా పిండని పొదుగు రాయిలా ఉంది. అలాగే వదిలేస్తే పొదుగువాపు ఖాయం. ఆవిడే మెట్ల మీద కూర్చుని పిండింది. ముద్దలు ముద్దలుగా వచ్చాయి, తాగడానికి పనికిరానివి. ఊరంతా పాల ప్యాకెట్ల కోసం చేతులు చాపి నిలబడ్డ రోజున మేం పాలు వరద నీళ్లలోకి పిండాం.

కాబట్టి మళ్లీ ఎప్పుడైనా వెళ్తే ఏం తీసుకెళ్లాలో చెప్తాను. ఎండుగడ్డి మోపులు, తడవకుండా టార్పాలిన్ చుట్టి. ఒక్కో గేదెకి రోజుకి ఐదారు కిలోలు పడితే ప్రాణం నిలబడుతుంది. మొదటి రోజు కొంచెం కొంచెంగా పెట్టండి. మంచినీళ్ల డ్రమ్ము తప్పనిసరి. చుట్టూ నీళ్లే కదా అనుకుంటారు, మురుగు కలిసిన ఆ నీళ్లు తాగే పశువుకి జబ్బులు వస్తాయి. గుప్పెడు ఉప్పు. పాలు పిండటం తెలిసిన మనిషి ఒకరు. బూజు పట్టిన గడ్డి ఎంత ఆకలి మీదున్నా పెట్టకండి. మీ కాళ్ల మీద పుండ్లుంటే నీళ్లలో దిగొద్దు, బూట్లు వేసుకోండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి ఎలుక జ్వరం మనుషులకి వస్తుంది. తిరిగొచ్చాక జ్వరం తగిలితే, వరద నీళ్లలో తిరిగానని డాక్టరుకి ముందే చెప్పాలి.

మీరు పదిమందీ ఆ మూడు గేదెల దగ్గర పడవ ఆపారు. చాలా పడవలు ఆపలేదు. అది కూడా మనసులో ఉంచుకో.

*

ప్రశ్న: వరద తగ్గాక మా పేటలోకి ఎక్కడెక్కడి కుక్కలో చేరాయి. కొందరు ఆడపిల్లలు రోజూ స్కూటర్ మీద వచ్చి గుమ్మాల ముందు అన్నం పెట్టి పోతారు. అవి మా మనవడి వెంటపడుతున్నాయి. జంతుప్రేమ అంటే ఇదేనా?
— రిటైర్డ్ ఉద్యోగి, విజయవాడ

జవాబు: మీ కోపం సగం న్యాయం. వరద రోజుల్లో ఆ పిల్లలు పెట్టిన అన్నం వల్లే చాలా కుక్కలు బతికాయి. ఆకలితో పిచ్చెత్తిన గుంపు ఇంకా ప్రమాదం. కానీ నీళ్లు తీశాక కూడా గుమ్మం గుమ్మం ముందు పెట్టడం సరికాదు. ఆ పేటలోనే పిల్లలు తిరగని ఒక మూల, ఒకే వేళకి పెట్టాలి. అలా ఒకచోట చేరిన కుక్కల్ని పట్టి టీకా వెయ్యడం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చెయ్యడం కూడా తేలిక. 2023 నిబంధనల ప్రకారం ఆపరేషన్ అయ్యాక పట్టిన చోటే వదలాలి. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల దగ్గర పట్టిన వాటిని మాత్రం తిరిగి అక్కడ వదలొద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరూ ఆ అమ్మాయిలూ కలిసి కార్పొరేషన్‌కి ఒకే అర్జీ పెట్టండి. విడివిడిగా పెడితే ఒకదాన్ని ఇంకొకటి కొట్టేస్తుంది.

మనవణ్ణి కరిచినా, గీరినా, పావుగంట సేపు సబ్బుతో ధారకింద కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. సూదులు మధ్యలో ఆపొద్దు. పసుపూ కారం అద్దే వైద్యం మీ ఇంట్లో ఎవరికైనా తెలిస్తే, వాళ్లని పక్క గదిలో ఉంచండి.

*

ప్రశ్న: వరద తగ్గాక గొంతువాపు టీకా వేయించొచ్చా?
— పాడి రైతు, గుడివాడ

జవాబు: వేయించండి, కానీ ఆలస్యమే. టీకా పనిచెయ్యడానికి రెండు మూడు వారాలు పడుతుంది. గొంతువాపు, జబ్బవాపు టీకాలు తొలకరికి ముందే పడాలి. వరద అయ్యాక గిట్టలు మెత్తబడి పుండ్లు పడతాయి, రోజూ చూసి కడగండి.

*

ప్రశ్న: 2024 సెప్టెంబరు 1న మున్నేరు వరదకి మా ఆవు కొట్టుకుపోయింది. కళేబరం దొరకలేదు. కళేబరం లేకుండా పరిహారం రాదన్నారు. ఆవు ఉందనే ఋజువు ఏం చూపించాలి?
— కౌలు రైతు, ఖమ్మం

జవాబు: కొట్టుకుపోయిన ఆవు కళేబరం తెమ్మంటే రైతు ఎక్కడికి పోవాలి, కృష్ణలో దిగాలా? ఇది నా ఉద్యోగంలో కూడా చాలాసార్లు చూశాను, ప్రతిసారీ సిగ్గేసింది.

మీ ఆవు చెవికి పసుపు పోగు ఉందా? దాని మీద పన్నెండు అంకెల నంబరుంటుంది. ఆ నంబరు పశువుల ఆసుపత్రి రికార్డులో మీ పేరు మీద ఉంటే, ఆవు మీదేనని చెప్పే మొదటి కాగితం అదే. పాల కేంద్రంలో పాలు పోసిన పుస్తకం, టీకా వేసిన తేదీ, ఇరుగుపొరుగు సాక్ష్యంతో పంచనామా, ఇవన్నీ జోడించి అర్జీ పెట్టండి. కేంద్రం 2022 నుంచి అమలు చేసిన విపత్తు సాయం లెక్కల్లో పాడి గేదెకి లేదా ఆవుకి 37,500 రూపాయలు, గొర్రెకి మేకకి 4,000. పాడి పశువులైతే ఇంటికి మూడింటి దాకానే లెక్క.

మిగతావాళ్లు ఇది చదివి ఇవాళే ఒక పని చెయ్యండి. మీ పశువు పక్కన మీరు నిలబడి, చెవి పోగు కనబడేలా ఫొటో తీయించుకుని ఇంకో ఊళ్లో ఉన్న బంధువుకి పంపండి. మీ ఫోను కూడా వరదలో పోవచ్చు. ఇక కళేబరం దొరికితే కాలవలోకి నెట్టకండి. బావులకి, చెరువులకి దూరంగా ఆరడుగుల గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. పూడ్చేముందు ఫొటో, పశువైద్యుడి సంతకం.

*

ప్రశ్న: వరదలో కొట్టుకొచ్చిన దూడ ఒకటి మా చేలో ముళ్లకంచెకి చిక్కుకుని దొరికింది. మా అమ్మ సీసాతో పాలు పట్టి బతికించింది. ఏడాది దాటింది, ఎవరూ రాలేదు. ఇప్పుడది మాదే అనుకోవచ్చా? అడిగేవాళ్లొస్తే ఇచ్చెయ్యాలా? అమ్మ ఇవ్వనంటోంది.
— తొమ్మిదో తరగతి అమ్మాయి, కొల్లేరు పక్కన

జవాబు: తల్లీ, దానికి చెవి పోగు ఉందో లేదో నువ్వు రాయలేదు. ముందు అది చూడు. ఉంటే ఆ పన్నెండు అంకెలూ కాగితం మీద రాసుకుని మీ ఊరి పశువుల ఆసుపత్రిలో ఇవ్వు, వాళ్లు యజమానిని వెతుకుతారు. ఎవరైనా దొరికితే మీ అమ్మని వాళ్లతో మాట్లాడనివ్వు. ఏడాది పోషించిన ఖర్చు అడగడం తప్పు కాదు, దూడని అడగడం కూడా తప్పు కాదు. చాలామంది ఇచ్చేస్తారు. పోగు లేకపోతే, దొరికిన తేదీ, చోటు రాసి పంచాయతీలో ఒక కాగితం ఇచ్చి, మీ పేరు మీద కొత్త పోగు వేయించండి.

ఒంట్లో బాగోకపోతే 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది, డబ్బులు అడగరు. నేను పుట్టిన సంవత్సరం కూడా అదే, అందుకే నాకు మరిచిపోయే ప్రమాదం లేదు.

దాన్ని దేంతో కట్టేస్తున్నారో కూడా రాయి. గొలుసైతే మార్పించు.