వార్డులో లేని వణుకు పరీక్షలో ఎందుకు?

ప్రశ్న: నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. వార్డులో బీపీ చూడటం, ఇంజెక్షన్ ఇవ్వడం బాగానే చేస్తాను మేడమ్. ప్రాక్టికల్ పరీక్షలో ఎగ్జామినర్ పక్కన నిలబడితే మాత్రం చేతులు వణుకుతాయి. పోయినసారి ఇంజెక్షన్‌కి ముందు చేతులు శుభ్రం చేసుకోవడమే మర్చిపోయి ఫెయిలయ్యాను. మూడు వారాల్లో మళ్లీ పరీక్ష. నిద్ర పట్టడం లేదు. అసలు నేను నర్సుగా పనికొస్తానా?

జవాబు: పనికొస్తావమ్మా. వార్డులో బాగా చేస్తున్నానని నువ్వే రాశావు కదా! ఒక పరీక్ష పోయిందని చేతికొచ్చిన పని ఎక్కడికీ పోదు.

వార్డులో నీ ధ్యాసంతా పేషెంటు మీద ఉంటుంది. పరీక్షలో ఎగ్జామినర్ పెన్ను కదిలినప్పుడల్లా అటు పోతుంది. భయానికి అడ్రినలిన్ పెరిగి గుండె దడదడలాడుతుంది, వేళ్లు వణుకుతాయి. మనసులో ఒకేసారి పట్టేది కొంచెమే. అందులో సగం ‘తప్పు చేస్తానేమో’ అన్న ఆలోచనే నిండిపోతే బాగా తెలిసిన స్టెప్పు కూడా గుర్తుకు రాదు. అంటే నీకు పని రాక కాదు, ఒకరు చూస్తుండగా చేసే అలవాటు లేదు. ప్రాక్టీసు చేయాల్సింది దాన్నే.

ఒక ఫ్రెండ్‌ని కూర్చోబెట్టు. చేతిలో చెక్‌లిస్టు, పక్కన టైమర్. తను నవ్వకూడదు, మాట్లాడకూడదు, మార్కులు వేస్తూ ఉండాలి. నువ్వు ప్రతి స్టెప్పూ పైకి చెబుతూ చెయ్యి. మొదటి రోజు చెయ్యి వణుకుతుంది, వణకనీ. రోజూ చేస్తుంటే ఆ చూపు అలవాటవుతుంది. వయల్‌లోకి, అంటే మందు సీసాలోకి, సూది దించేటప్పుడు ఒక చేతి చిటికెన వేలిని రెండో చేతికి ఆనించు. ఆధారం దొరికితే వణుకు తగ్గుతుంది.

నువ్వు మర్చిపోయిన స్టెప్పునే నీ ధైర్యంగా మార్చుకో. హ్యాండ్‌రబ్‌తో చేతులు రుద్దుకోవడానికి 20 నుంచి 30 సెకన్లు పడుతుంది. ఆ కాసేపూ నిదానంగా ఊపిరి పీల్చి, ఇంకా నిదానంగా వదులు. ఆ తర్వాతే పేషెంటు పేరు అడుగు.

ఎగ్జామినర్ మౌనాన్ని కోపం అనుకోవద్దు. 1975లో స్కాట్లాండ్‌లోని డండీలో వైద్య విద్య నిపుణుడు రోనాల్డ్ హార్డెన్ బృందం స్టేషన్ల పద్ధతి పరీక్షను, అంటే ఒక్కో చోట ఒక్కో పని చేయించి మార్కులు వేసే పరీక్షను, పరిచయం చేసింది అందరికీ ఒకే పని, ఒకే చెక్‌లిస్టు ఉండాలనే. అందుకే ఎగ్జామినర్ నీకు తల ఊపరు, ఎవరికీ ఊపరు. మధ్యలో సూది శుభ్రంగా లేని దేనికైనా తగిలిందనుకో, దాచకు. ‘సూది తగిలింది, మారుస్తున్నాను’ అని పైకి చెప్పి కొత్తది తీసుకో. రేపు పేషెంటు దగ్గర చేయాల్సిందీ అదే.

వణుకు తగ్గడానికి మాత్ర వేసుకోమని ఎవరైనా అంటే డాక్టర్‌ని అడగకుండా వేసుకోవద్దు. అలాంటి వాటిలో ప్రొప్రనలాల్ ఆస్తమా ఉన్నవాళ్లకు ప్రమాదం. రాత్రంతా మేలుకుని చదవడమూ మానెయ్. నేర్చుకున్న పని మెదడులో కుదురుకునేది నిద్రలోనే. అయినా నిద్ర పట్టకపోతే, అన్నం సయించకపోతే, ఏడుపు ఆగకపోతే పరీక్ష అయ్యేదాకా ఆగకుండా డాక్టర్‌ని గానీ కౌన్సెలర్‌ని గానీ కలువు. ‘ఇక బతకడం ఎందుకు’ అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఇంట్లో వాళ్లకి చెప్పి, వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లు.

ఆ ఫ్రెండ్‌ని ఇవాళే అడుగు తల్లీ. రేపు సాయంత్రం మొదటి ప్రాక్టీసు పెట్టుకోండి, ఇంజెక్షన్‌తోనే.