ముందు కేస్ షీట్ తెచ్చుకో

అమ్మాయీ,

మొన్న ఫోన్లో బాబు సంగతి చెప్పి, ఇది ఎవరి తప్పు, ఆసుపత్రి మీద కేసు వేయాలా అని నువ్వు ఏడుస్తుంటే ఏం మాట్లాడాలో నాకు తోచలేదు. అందుకే రాస్తున్నాను. మా వాడికి ముప్పై దాటాయి. సెరిబ్రల్ పాల్సీ అన్న మాట విన్న రోజు నేనూ నీలాగే కుప్పకూలాను.

ఇది అంటుకునేది కాదు, మెదడులో ముదిరేదీ కాదు. కడుపులో ఉండగానో, కాన్పప్పుడో, పుట్టిన కొత్తలోనో ఎదిగే మెదడు దెబ్బతింటుంది. ఆ దెబ్బ అక్కడితో ఆగుతుంది, ఒళ్లు మాత్రం ఆగదు. ఎముకలు పెరిగినంత జోరుగా బిగుసుకున్న కండరాలు సాగవు. మడమ పైకి లేస్తుంది, తుంటి కీలు మెల్లగా పక్కకు జారుతుంది. మొదట్లో నొప్పి కూడా ఉండదు. మా వాడికి కాళ్లూ చేతులూ నాలుగూ బిగుసే రకం. తుంటి ఎక్స్‌రే తీయించమని ఎవరూ చెప్పలేదు, అడగాలని నాకూ తెలియదు. ఏడో ఏట ఆపరేషన్ దాకా వెళ్లాం. మీ బాబుకు ఒక పక్కే కాబట్టి ఆ భయం తక్కువ. అయినా ఎన్నాళ్లకోసారి చూడాలో డాక్టర్ చేత రాయించుకో.

ఏడాది నిండకుండానే కుడిచేతి వాటం వచ్చిందని మీరంతా మురిసిపోయామన్నావు కదా. అంత చిన్నప్పుడు వాటం ఉండదమ్మా. రెండో చెయ్యి మాట వినడం లేదని దాని అర్థం. ఇలాంటి పిల్లలకు బాగున్న చేతికి రోజూ కాసేపు మెత్తటి తొడుగు వేసి, బలహీనమైన చేత్తో ఆడిస్తారు. థెరపిస్టు దగ్గర నేర్చుకుని రేపే మొదలుపెట్టు. కోర్టు సంగతి తేలేదాకా ఇది ఆగకూడదు.

ఇక నువ్వు పదేపదే అడిగింది, ఎవరి తప్పు అని. 1862లో లిటిల్ అనే ఇంగ్లిష్ డాక్టరు ఇదంతా కష్టమైన కాన్పుల వల్లే అన్నాడు. 1897లో ఫ్రాయిడ్ (మనసు గురించి చెప్పిన ఆయనే) దాన్ని తిరగేశాడు: బిడ్డలో ముందే ఉన్న లోపం వల్లే కాన్పు కష్టమై ఉండొచ్చు కదా అని. ఇవాళ చూస్తే, కాన్పు వేళ ఊపిరాడక వచ్చేవి కొద్ది భాగమే. నెలలు నిండకుండా పుట్టడం, ఇన్ఫెక్షన్, ముదిరిన కామెర్లు, జన్యువులు, కడుపులోనే మెదడుకు వచ్చే స్ట్రోక్, ఇలా కారణాలు బోలెడు. ఒక పక్కే దెబ్బతిన్న పిల్లల్లో తరచూ కనపడేది ఆ స్ట్రోకే. అందుకే కోపంతో లాయరు దగ్గరకు పరిగెత్తకు. పోవద్దనీ అనను.

కేసు నిలబడాలంటే రెండు రుజువు కావాలి. వైద్యంలో చేయాల్సింది చేయలేదని ఒకటి, బిడ్డకు ఈ స్థితి ఆ లోపం వల్లే వచ్చిందని రెండోది. రెండోదాని దగ్గరే చాలా కేసులు వీగిపోతాయి. దాన్ని తేల్చేది మన కన్నీళ్లు కాదు, కాగితాలు. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే ఇచ్చి పంపితే ఊరుకోకు. మొత్తం కేస్ షీట్ (ఆసుపత్రిలో వైద్యం గురించి రాసుకున్నదంతా), నొప్పుల వేళ బిడ్డ గుండె చప్పుడు గీసిన పట్టీ, బొడ్డుతాడు రక్త పరీక్ష, అప్గార్ స్కోరు (పుట్టగానే బిడ్డ ఎలా ఉందో చూసి వేసే మార్కులు), పసిబిడ్డల ఐసీయూలో నర్సులు రాసిన నోట్స్, ఎం.ఆర్.ఐ. బొమ్మలు, అన్నీ రాతపూర్వకంగా అడుగు. ఆ ఉత్తరంలో ఎవర్నీ నిందించకు. ఊరికే కాపీలు కావాలని రాయి. ఆసుపత్రులు పాత రికార్డులు కలకాలం దాచవు, అందుకే తొందర.

కేసు వేయడానికి గడువు ఉంటుంది. చాలా చోట్ల పిల్లల తరఫున వేసేదానికి ఎక్కువ కాలం ఇస్తారు గానీ, తల్లిదండ్రుల సొంత ఖర్చుల దావాకు గడువు వేరుగా, తక్కువగా ఉండొచ్చు. లాయర్ని మొదటి రోజే ఈ రెండు తేదీలూ అడుగు. సంబంధం లేని నిపుణుడికి రికార్డులు చూపించకుండానే గెలుస్తాం అనే లాయరుంటే లేచి వచ్చేయ్. రాజీ సొమ్ము ఇస్తామంటే, జీవితాంతం అయ్యే ఖర్చు లెక్క చూడకుండా సంతకం పెట్టకు.

ఈ గొడవలో నేను మర్చిపోయిందొకటుంది. ఎవరి తప్పూ లేకపోయినా బిడ్డకు రావలసినవి కొన్ని ఉంటాయి. వైకల్య ధ్రువపత్రం, భత్యం, బడిలో సీటు, అక్కడ కావలసిన సదుపాయాలు. వికలాంగుల హక్కులపై 2006లో ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందంలో చదువు హక్కు రాసి ఉంది, చాలా దేశాలు దానికి కట్టుబడ్డాయి. నేను నాలుగేళ్లు తప్పు ఎవరిదో వెతుకుతూ ఆ దరఖాస్తులేవీ పెట్టలేదు. ఆ నాలుగేళ్ల భత్యం మాకు తర్వాత కూడా ఇవ్వలేదు.

ఆసుపత్రిలో ఉత్తరం ఇచ్చినప్పుడు నకలు మీద ముద్ర వేయించుకుని తేదీ చూసుకో. కాపీలు చేతికొచ్చాక ఫోన్ చెయ్యి, కూర్చుని వరసలో పెట్టుకుందాం. బాబు తొడుగు పీకేస్తే కొట్టకు, మా వాడు స్ప్లింట్ (బిగుసుకోకుండా కట్టే బద్ద) ఎన్నిసార్లు విసిరికొట్టాడో లెక్కలేదు.

మీ పెద్దమ్మ