కైరో వద్దు, లగ్జర్ వెళ్ళండి

చిన్నీ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి పది నిమిషాలు మోకాళ్ళ నొప్పుల గురించే చెప్పి, ఇంక పెట్టేస్తదనగా మెల్లిగా "అక్కా, 2027 ఆగస్టులో చిన్ని నన్ను ఈజిప్టు తీసుకెళ్తానంటందే, సూర్యగ్రహణం చూడ్డానికంట" అంది. నాకు కాసేపు మాట రాలా. సంతోషం వేసింది, భయం వేసింది, దాచుకోవడమెందుకు, కొంచెం కుళ్ళు కూడా వేసింది. నిద్ర పట్టక పొద్దున్నే లేచి ఇది టైప్ చేస్తన్నా, వాయిస్ మెసేజ్ పెడితే నువ్వు సగంలో ఆపేస్తావని నాకు తెల్సు.

ముందు తిట్లు. కైరోలో హోటలేంటే? "లగ్జర్ రేట్లు మండిపోతన్నాయి, కైరోలో కూడా చాలావరకు కనపడుద్ది" అన్నావంట. ఆ చాలావరకు అనే మాటే వద్దు నాకు. సంపూర్ణ గ్రహణం పడే దారిలో కైరో లేదు, లగ్జర్ ఉంది. ఆగస్టు 2న లగ్జర్ దగ్గర్లో 6 నిమిషాల 23 సెకన్ల దాకా సూర్యుడు పూర్తిగా మూసుకుపోతాడు, ఇంతసేపు దొరకడం చాలా అరుదు. సూర్యుడి చుట్టూ తెల్లటి వెలుగులా ఉండే కరోనా (రోగం కాదులే, ఆ పేరు చెడగొట్టారు) సూర్యబింబం వెలుగులో పది లక్షల వంతే, అంటే మన పున్నమి చంద్రుడంత. సూర్యుడు గోరంచంత మిగిలినా అది కనపడదు. తొంభై తొమ్మిది వంతులు మూసుకున్నా కనపడదు. ఇది పుస్తకంలో చదివి చెప్తన్నా అనుకోకు, నెత్తి మీద వేసుకుని చెప్తన్నా.

1980 ఫిబ్రవరి 16, శనివారం. నేను గుంటూరులో బీఎస్సీ రెండో సంవత్సరం, మీ అమ్మ తొమ్మిదో క్లాసు. సంపూర్ణ గ్రహణం మన దేశంలో కర్ణాటకలో మొదలై రాయచూరు, నల్గొండ, సూర్యాపేట మీదగా ఒరిస్సా పోతదని మా ఫిజిక్స్ లెక్చరర్ బోర్డు మీద గీత గీసి, వచ్చేవాళ్ళుంటే చెప్పండి, సూర్యాపేట బస్సులో పోదాం అన్నాడు. మీ తాతయ్య ఒప్పుకోడనుకున్నా, ఒప్పుకున్నాడు! కాకపోతే ఒక్క షరతు, అక్కచెల్లెళ్ళు ఇద్దరూ కలిసి వెళ్ళాలి. ఇంక మీ అమ్మని చూడాలి. నీలం పరికిణీ ఉండేది దానికి, ఇస్త్రీ పెట్టె లేదుగా, ఇత్తడి చెంబులో నిప్పులేసి మడత మడతకీ తోమి దిండు కింద పెట్టుకుని పడుకుంది. చింతపండు పులిహోర కట్టుకుపోదామని మీ అమ్మమ్మ చేత చింతపండు కూడా నానబెట్టించింది.

ముందురోజు రాత్రి నేనే చెడగొట్టా. రికార్డు రాయాల్సింది మిగిలిపోయింది, తెల్లారుజామున లేచి విజయవాడ పోయి అక్కడ బస్సు మారాలి, బద్ధకం వేసింది. తాతయ్యతో "ఇక్కడే తొంభై వంతుల పైన కనపడుద్ది నాన్నా, ఆ కాస్త కోసం అంత దూరం ఎందుకు, డబ్బులు దండగ" అన్నా. ఆయన వెంటనే సరే అన్నాడు, ఆయనకి కావాల్సింది అదేగా. మీ అమ్మ ఏం అన్లా. పరికిణీ తీసి ట్రంకుపెట్టెలో పెట్టేసింది.

మధ్యాహ్నం డాబా ఎక్కాం. వీధిలో కుక్క తప్ప మనిషి లేడు, తలుపులన్నీ బిడాయించుకున్నారు, ఆవకాయ జాడీల మీద దర్భలు. మేం పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి అందులో చూశాం, మధ్యలో మసి పట్టించిన గాజుపెంకుతో ఓసారి (అదెంత ప్రమాదమో కింద చెప్తా). మూడు దాటాక ఎండ పాతబడ్డ ఇత్తడి రంగులోకి వచ్చింది, నీడలు కత్తితో కోసినట్టు అయినయ్, వేపచెట్టు కింద గచ్చు నిండా చిన్న చిన్న నెలవంకలు. కాకులు కాసేపు గోల చేసినయ్. పళ్ళెంలో సన్నటి గీతంత సూర్యుడు మిగిలి, ఇంకా సన్నమవుద్దని ఊపిరి బిగబట్టి చూస్తన్నాం, మళ్ళీ లావవడం మొదలైంది.

మీ అమ్మ పళ్ళెంలోంచి తల ఎత్తకుండానే "అంతేనా అక్కా?" అంది.

"అంతే. అక్కడ కూడా ఇంతే" అన్నా.

వెళ్ళకపోవడం సరే, ఈ అబద్ధం ఆడాను చూడు, అది నన్ను ఇప్పటికీ పొడుస్తది. సోమవారం కాలేజీకి పోతే సూర్యాపేట వెళ్ళొచ్చిన అమ్మాయి నా పక్కన కూర్చుని, ఏమీ చెప్పకుండా నా రికార్డు చివర పేజీలో పెన్సిల్‌తో నల్లటి గుండ్రం రుద్దింది, రుద్దీ రుద్దీ కాగితం చిరిగేదాకా, దాని చుట్టూ విరబోసుకున్న జుట్టులాగా గీతలు. "రెండు నిమిషాల పైన ఉందే, ఒక్కసారిగా అందరూ ఓ అని అరిచారు, నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలీదు" అంది. ఆ పేజీ చింపి దాచా. మీ అమ్మకి ఈ రోజుకీ చూపించలా.

సిగ్గు ఏంటంటే, 1868 ఆగస్టు 18 గ్రహణం చూడ్డానికి జాన్సెన్ అనే ఫ్రెంచి సైంటిస్టు ఓడెక్కి మన గుంటూరు వచ్చాడు. ఆ గ్రహణంలో సూర్యుడి వెలుగుని రంగులుగా విడదీసి చూస్తే కనపడ్డ పసుపు గీత దగ్గర్నుంచే హీలియం వాయువు కథ మొదలైంది. ఇది క్లాసులో ముప్ఫై ఏళ్ళు ఛాతీ విరుచుకుని చెప్పా. ఆయన ఫ్రాన్సు నుంచి గుంటూరు వచ్చాడు, నేను గుంటూరు నుంచి సూర్యాపేట పోలేకపోయా. తర్వాత నేను తిరగలేదని కాదు, 1999లో శ్రీకాకుళం పోతే మబ్బు, 2010 జనవరిలో ధనుష్కోడి పోతే పది నిమిషాల కంకణం (సూర్యుడు పూర్తిగా మూసుకోకుండా చుట్టూ గాజులా మిగుల్తాడు), బాగుంది, కానీ అది కంకణమే. సంపూర్ణం ఇంతవరకు చూళ్ళేదు నేను. చూడని మనిషి సలహాలేంటి అని నవ్వుకో, పర్లేదు.

ఇంక కళ్ళు. గ్రహణం కళ్ళజోళ్ళు ఐఎస్ఓ 12312-2 (సూర్యుణ్ణి చూసే జోళ్ళకి పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం) అని ఉన్నవే కొను, ఇక్కడినుంచే, ముందే, గీతలు పడ్డవి పారెయ్. ఎక్స్‌రే ఫిల్ములు, కూలింగ్ గ్లాసులు, మసి గాజులు ఏవీ వద్దు. రెటీనాకి, అంటే కంటి లోపలి తెరకి, నొప్పి తెలీదే, కాలిపోతన్నా తెలీదు, కొన్ని గంటలు పోయాక చూపు మధ్యలో మచ్చ వచ్చుద్ది, అప్పుడు ఏడ్చి లాభం లేదు. పూర్తిగా మూసుకున్నాకే జోడు తియ్యాలి, అంచున వజ్రంలా మెరుపు రాగానే మళ్ళీ పెట్టెయ్యాలి. మీ అమ్మకి కంగారెక్కువ, తియ్యమ్మా, పెట్టుకోమ్మా అని నువ్వే చెప్పు. ఆ తియ్యమనేది మర్చిపోకు, భయపడి జోడుతోనే కూర్చుంటే ఆరు నిమిషాలూ చీకటే.

ఆ వేళకి అక్కడ సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, మెడలు పడిపోతయ్, చాప పట్టుకెళ్ళి పడుకోబెట్టు. ఆగస్టు ఎండ అక్కడ నలభై దాటుద్ది, మన రోహిణి కార్తె అనుకో. గొడుగు, మజ్జిగ దొరక్కపోతే ఓఆర్ఎస్, బీపీ బిళ్ళలు హ్యాండ్‌బ్యాగులోనే.

వంటింట్లోంచి బూందీ గరిటె పట్టుకుపో. నవ్వకు. దాని నీడ తెల్ల గుడ్డ మీద పడనిస్తే ఒక్కో చిల్లుకీ ఒక్కో నెలవంక. జోడు లేనివాళ్ళకి, హోటల్లో పనిచేసే పిల్లలకి, భాష రాకపోయినా ఆ గరిటె చూపిస్తే చాలు, చుట్టూ మూగుతారు. ఓ పది జోళ్ళు ఎక్కువ కొని పంచు, డబ్బులు నేనిస్తా. ఫోన్ సూర్యుడి వైపు పెట్టి కూర్చోకు, అంతకంటే మంచి ఫోటోలు బోలెడొస్తయ్. స్టాండ్ మీద పెట్టి మీ అమ్మ మొహం వైపు తిప్పి వదిలెయ్, నాకు అది కావాలి.

మీ అత్తగారు దర్భలు ఇస్తే తీసుకో, వాదించకు, బరువేం కాదు. గ్రహణం మొర్రి అదీ ఇదీ అంటే మాత్రం నాకు ఫోన్ ఇవ్వు, నేను మాట్లాడతా.

లగ్జర్‌కి ఎక్కువయ్యేది ఎంతో లెక్కేసి చెప్పు, మీ అమ్మ వాటా నాది. దానికి తెలియనీకు, బస్సు టికెట్ బాకీ ఉందిలే అనుకో. ఆ రికార్డు పేజీ కూడా కవర్లో పెట్టి కొరియర్ చేస్తన్నా. ముందు చూపించకు. అంతా అయిపోయి, వెలుతురొచ్చి, మీ అమ్మ చాప మీద లేచి కూర్చున్నాక చేతిలో పెట్టు. పెట్టి నాకు ఫోన్ చెయ్యి, నేను ఇక్కడ పక్కనే పెట్టుకుని కూర్చుంటా. తిడితే తిట్టనీ.

పెద్దమ్మ